సువార్తమ్మ అడిగిన పిడులు

ఎనభై నాలుగులో చిలకలూరిపేటలో, హైవే పక్కన నాకు లేత్ షాపు ఉండేది. పత్తి సీజను మొదలైందంటే జిన్నింగ్ మిల్లుల వాళ్ళు అరిగిపోయిన షాఫ్టులూ బుష్‌లూ తెచ్చి గుమ్మం ముందు పడేసి, సాయంత్రానికల్లా కావాలని నెత్తిన కూర్చునేవాళ్ళు. ఇనుము తప్ప ఇంకో వస్తువు ముట్టుకునే తీరిక ఉండేది కాదు. నాకు ముక్కు మీద కోపమని పేరు కూడా ఉండేది. ఆ పేరు వల్ల పని కాస్త తగ్గుతుందేమోనన్న ఆశతో నేనూ కాదనేవాణ్ణి కాదు.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం సువార్తమ్మ వచ్చింది. అద్దంకి వైపు పల్లె వాళ్ళది. ఆమె భర్త దేవదానం చెక్క తరిమెన పట్టేవాడు, అంటే గిరగిరా తిరిగే చెక్కని ఉలితో గుండ్రంగా దించే పని. చిన్నప్పుడు క్రైస్తవ మిషన్ వాళ్ళ వడ్రంగం బడిలో నేర్చుకున్నాడు. ఆ చుట్టుపక్కల మంచం కోళ్ళన్నా, మిరపకాయలు దంచే రోకళ్ళన్నా అతని చేతివే. అతని మోటారు లేతుకి బేరింగులు మార్చేది నేనే కాబట్టి మనిషి బాగా తెలుసు. మంచి పొడగరి, మాట తక్కువ. ఆ వేసవిలో పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయిందని విని ఒకసారి చూసి కూడా వచ్చాను.

ఆమె గోనెసంచి విప్పి ఉలులన్నీ బల్ల మీద పేర్చింది. మెడ కింద ఎముక దగ్గర చర్మం కమిలి నల్లబడి ఉంది. ఏమిటని అడిగితే, తరిమెన తనే పడుతున్నానంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ పక్కనే ఉండి చెక్కలు అందిస్తూ, మెరుపుకి లక్క పడుతూ చూసిన పనే. ఇప్పుడాయన కుర్చీలో కూర్చుని చెబుతుంటే ఆమె చేస్తోంది. కానీ ఆ ఉలుల పిడులు ఆయన చేతికి చేసుకున్నవి, లావు, పొడుగు. ఆమె గుప్పిట్లో ఇమడవు. ఒకరోజు ఉలి మొన చెక్కలో ఇరుక్కుని, పిడి పైకి ఎగిరి ఆమెని కొట్టింది.

చెక్క పని తెలియని వాళ్ళకి ఇక్కడొక మాట చెప్పాలి. నా ఇనప లేతులో ఉలిని పట్టుకునేది టూల్ పోస్ట్, అంటే బోల్టులతో బిగించిన ఇనప దిమ్మ. చెక్క లేతులో ఆ టూల్ పోస్ట్ మనిషే. ఉలి వెనక సన్నగా ఉండే తోకని టాంగ్ అంటారు, అది పిడిలోకి దిగి ఉంటుంది. ఆ పిడి చేతికి సరిపోకపోతే ఎంత మంచి ఉలైనా మనిషి మీదికే వస్తుంది. దేవదానం ఉలులు లారీ కమాన్ పట్టీలతో కొట్టించినవి. ఉక్కుకి వంక పెట్టడానికి లేదు.

ఇందులో ఆలోచించడానికేముంది, పాత పిడులు పగలగొట్టేసి ఆమె చేతి కొలతకి కొత్తవి దిగ్గొడితే సరిపోతుందని సుత్తి అందుకున్నాను. ఆమె గబుక్కున ఉలుల మీద చెయ్యి పెట్టింది.

"పగలగొట్టొద్దు మేస్త్రిగారూ. ఆయన లేస్తారు. లేచిన రోజున ఆయన పిడి ఆయనకుండాలి."

ఆమెకి కావలసింది ఊడదీసి మార్చుకునే పిడులు. నాకు చిర్రెత్తుకొచ్చింది. తిరిగే చెక్క మీద ఉలి నిమిషానికి వందలసార్లు అదురుతుందనీ, ఆ అదురుకి బిగించిన ప్రతిదీ వదులవుతుందనీ, పిడి చేతిలోనూ ఉలి గొంతులోనూ ఉంటాయనీ కాస్త గట్టిగానే చెప్పాను. అంతా విని, పెద్దాసుపత్రి డాక్టరు ఏడాదిలో చెయ్యి రావచ్చన్నాడని చెప్పి, అలాగే నిలబడింది. ఆ నిలబడటం చూశాక కోపం ఎంతోసేపు నిలవలేదు. వారం తర్వాత రమ్మన్నాను.

ఆ వారమంతా షాఫ్టులు తిప్పుతూ ఆ పిడుల సంగతే ఆలోచించాను. ఉలి తోకకి మర తిప్పి, పిడిలోకి బిగించడం ఒక పద్ధతి. కానీ గాడి ఉలిని పని చేసేటప్పుడు అటూ ఇటూ దొర్లించాలి, అలా దొర్లిస్తే మర తనంతట తనే విప్పుకుంటుంది. డ్రిల్లు మిషనులో బిట్టుని పట్టి ఉంచే చక్ లాంటిది పెడదామంటే బరువంతా ముందుకొచ్చి ఆమె మణికట్టు పడిపోతుంది. చివరికి పిడి మూతి పగలకుండా వేసే పొన్ను బదులు ఇనప బుష్, అంటే గొట్టం ముక్క, దిగ్గొట్టి, పక్కనుంచి రెండు గ్రబ్ స్క్రూలు పెట్టడానికి నిశ్చయించుకున్నాను. గ్రబ్ స్క్రూ అంటే తలకాయ లేని మర. అలెన్ కీతో బిగిస్తే లోపలికి దిగి ఉలి తోకని నొక్కిపడుతుంది. స్క్రూ జారకుండా తోక మీద ఆకురాయితో చదును తీశాను. ఒక్క స్క్రూని నేను నమ్మను, అందుకే రెండు.

పాత పిడుల్ని పగలకుండా ఊడదీయడానికి చాలా ఓపిక పట్టాల్సొచ్చింది. వాటికీ అవే బుష్‌లు వేశాను. ఆమెకి చింతచెక్కతో సన్నటి పిడులు తిప్పాను. ఏ ఉలైనా ఇద్దరిలో ఎవరి పిడికైనా సరిపోతుంది.

ఆమె వచ్చిన రోజు వాటిని నేనే వాళ్ళ ఊరు తీసుకెళ్ళి దగ్గరుండి చూశాను. దేవదానం కుర్చీలో కూర్చుని ఉన్నాడు, కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని. మాట నత్తిగా వస్తోంది. పిడిని నడుముకి ఆనించమనీ, చెయ్యి కాదు ఒళ్ళు కదలాలనీ భార్యకి ఒక్కో ముక్కే చెబుతున్నాడు. తుమ్మ మొద్దు మీంచి పొట్టు పొడుగ్గా లేచి ఆమె భుజం మీద పడింది. అది చూసి అతని మొహం కాస్త తేటపడింది. రోజూ పని మొదలుపెట్టే ముందు స్క్రూలు బిగించుకోమని పదిసార్లు చెప్పి వచ్చాను.

మళ్ళీ పత్తి మిల్లుల పనిలో పడేసరికి ఆ సంగతి మరుగున పడింది. సీజను చివర్లో ఒకరోజు ఇద్దరూ బస్సు దిగి వచ్చారు. దేవదానం ఎడమచేత్తో కర్ర పట్టుకుని, ఆమె భుజం మీద ఆనుకుని నడుస్తున్నాడు. కుడిచెయ్యి అలాగే వేలాడుతోంది. ఆమె గోనెసంచిలోంచి ఉలులూ, ఆయన పాత పిడులూ తీసి బల్ల మీద పెట్టింది. స్టూలు వేస్తే దేవదానం కూర్చుని, ఊపిరి కుదురుకున్నాక అడిగాడు.

"స్క్రూలు తీసేసి పిన్ను కొట్టెయ్యండి మేస్త్రిగారూ. ఆవిడ పిడులకి."

పిన్ను కొట్టడమంటే బుష్‌కీ తోకకీ అడ్డంగా రంధ్రం వేసి, మేకు దూర్చి, రెండు వైపులా తల చితగ్గొట్టడం. ఇక అది ఊడదు. ఆ సంగతి ఆమెకీ తెలుసు. వద్దంది. స్క్రూలు బాగానే ఉన్నాయనీ, ఒక్కసారే వదులైందనీ, అప్పుడూ తనకేం కాలేదనీ నాకేసి తిరిగి చెప్పింది. ఆయనకేసి చూడలేదు. డాక్టరు చెప్పిన ఏడాది ఇంకా పూర్తి కాలేదని మెల్లగా అంది.

దేవదానం ఒక్కో మాటా కూడదీసుకుంటూ అన్నాడు.

"నా చెయ్యి రాదు సువార్తా. నాకు తెలుసు. నువ్వు పొద్దున్నే ఆ స్క్రూలు బిగిస్తా నా చేతివంక చూస్తావు. నేను దాన్ని తువ్వాలు కింద దాచుకుంటన్నా. నాకోసమని ఊడే పిడి పట్టుకుని నువ్వు పని చేస్తంటే, పక్కన కూర్చుని చూడలేను."

ఆమె రోడ్డు వైపు తిరిగి నిలబడింది. లారీలు పోతున్నాయి. ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి డ్రిల్లు మిషను ఆన్ చేశాను.

అన్నిటికీ పిన్నులు కొట్టి, తలలు ఆకురాయితో నున్నగా రాసి ఆమెకిచ్చాను. కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఒక్కోదాన్ని నడుముకి ఆనించి, మొన దగ్గర పట్టుకుని ఊపి చూసింది. "గట్టిగా ఉన్నాయండీ," అంది. దేవదానం తలూపాడు.

తర్వాత చాలా ఏళ్ళు లేత్ పనే చేశాను. ఊడదీసే పిడి కావాలని ఎవరొచ్చినా, ఉలి కొలత కన్నా ముందు దాన్ని ఎవరు ఊడదీస్తారు, ఎందుకు అని అడిగేవాణ్ణి. కొంతమందికి ఆరాలెక్కువనిపించింది. అనిపించనీ. బిగింపు చూడటం నా పనే, కానీ ఆ బిగింపు మీద ఎవరి ఆశ ఆనుకుని ఉందో కూడా తెలుసుకోకుండా బిగించకూడదని నాకు ఆ ఇద్దరి వల్లే తెలిసింది.

ఆ రోజు వాళ్ళు వెళ్ళబోతుంటే దేవదానం పాత పిడులు బల్ల మీదే ఉండిపోయాయి. ఇక వీటికి ఉలులు లేవు, ఏం చెయ్యమంటారని అడిగాను. సువార్తమ్మ వాటిని ఒక్కొక్కటే తీసి గోనెసంచిలో పెట్టుకుంది. బస్సు వచ్చేదాకా ఆ సంచి అతని ఒళ్ళోనే ఉంది.