ఆసుపత్రి దారికి వల లేదు

వలలు పట్టుకుపోవడానికి మునిసిపాలిటీ లారీ వచ్చినప్పుడు ఆవిడ నోరెత్తలేదు. రేవు పక్క షెడ్డులో నడుము పడిపోయేలా కూర్చుని, చిరిగిన ప్రతి కన్నాన్నీ నీలం దారంతో అల్లి బాగుచేసిన వలలవి. అడిగినవాడు లేడు, చీటీ రాసిచ్చినవాడు లేడు. పైగా చిక్కుపడకుండా ఎలా ఎత్తాలో ఆవిడే చూపించి, కూలీలకు మంచినీళ్లిచ్చి పంపింది. "యుద్ధం కదే, ఊరికి పనికొస్తాయట" అంది చెల్లెలితో. ఊళ్లో అందరూ ఆవిణ్ణి వలలక్క అంటారు.

ఇదివరకు యుద్ధమంటే సరిహద్దులో ఫిరంగులు మోగేవి, ఊరు వినేది. ఇప్పుడు పళ్లెమంత డ్రోను కూరగాయల బజారులోకే వస్తోంది. ఎక్కడో గదిలో, డ్రోను కెమెరా చూపే తెరను కళ్లకు కట్టుకుని కూర్చున్నవాడు, సైకిలు తొక్కే మనిషి వీపును దగ్గరగా చూస్తూనే గుద్దిస్తాడు. రేడియో సంకేతాలను ఆపే యంత్రాలు మనవాళ్లు పెడితే, శత్రువులు వెంట్రుకంత గాజు తీగను వెనక వదులుకుంటూ వచ్చే డ్రోన్లను దింపారు. సంకేతం ఆ తీగలోనే పోతుంది, వాటికి గాలిలో సంకేతంతో పనే లేదు. పడినవాణ్ణి లేపడానికి ఎవరో ఒకరు పరుగెత్తుకొస్తారని తెలిసి, రెండోది పైన కాచుకుని ఉంటుంది. సాయం చేసే గుణాన్నే ఎరగా వాడుకునే ఈ తెలివిని వాళ్లు కొత్త ఎత్తుగడ అంటారు. మామూలు మనుషులు ఏమంటారో అచ్చులో వెయ్యడానికి వీల్లేదు.

ఇంత యంత్రానికీ చివరికి అడ్డుపడేది చేపల వలే. రోడ్డుకు రెండు పక్కలా స్తంభాలు పాతి పైన కప్పితే, డ్రోను పంకాలు చిక్కుకుని ఆగిపోతాయి.

వలలక్క చెల్లెలికి కిడ్నీలు పనిచెయ్యవు. వారానికి మూడుసార్లు ఆసుపత్రిలో రక్తం శుద్ధి చేయించుకోవాలి. చెల్లెలి మొగుడు, టాక్సీ నడిపే మరిదే తీసుకెళతాడు. ఆ దారికి వల వెయ్యలేదు. మొన్న ఒక డ్రోను వెంటపడితే అతను బండిని దుకాణం మెట్ల మీదికి ఎక్కించాడు. అది గోడకు తగిలి పేలింది. అతని మోచేతిలో ఇనుప ముక్కలు, ఆమె ఒళ్లో గాజు పెంకులు.

"ఇక నేను వెళ్లనక్కా. నా రక్తం కడగడానికి ఈయన రక్తం పొయ్యాలా?" అని చెల్లెలు మంచమెక్కింది. రెండు విడతలు తప్పేసరికి మొహం ఉబ్బింది, కాళ్లకు చెప్పులు పట్టలేదు.

వలలక్క మునిసిపల్ ఆఫీసుకు వెళ్లింది.

"ఆ దారిలో సైన్యం బళ్లు తిరగవమ్మా. అందుకే ప్లానులో లేదు" అన్నాడు ఇంజనీరు.

"మరి వల కప్పిన కమిషనర్ గారి సందులో ఏ ట్యాంకులు తిరుగుతున్నాయి నాయనా?"

ఇంజనీరు టేబుల్ మీద పెన్నులు సర్దాడు. "పైవాళ్ల ఆర్డరండీ."

"అయితే ఆ ఫైలిలా ఇవ్వు. మా చెల్లెలి నెత్తిన కప్పి తీసుకెళతాం."

అక్కణ్ణించి తిన్నగా కమిషనర్ సందుకే నడిచింది. వెనక రేవు ఆడవాళ్లు, వాళ్ల వెనక చెయ్యికట్టుతో మరిది. తలెత్తి చూస్తే తన నీలం అతుకులే. అంతవరకూ దిగమింగుకున్నదంతా అప్పుడు పొంగింది. నిచ్చెన వేసి ముడులు విప్పడం మొదలుపెట్టింది.

"అమ్మా, అది ప్రభుత్వ ఆస్తి!" అంటూ కాపలావాడు పరుగెత్తుకొచ్చాడు.

"నా షెడ్డులోంచి మోసుకుపోయినప్పుడు ఎవరి ఆస్తిరా? ముందు నిచ్చెన పట్టుకో, జారితే నీ మీదే పడతా."

వాడు పట్టుకున్నాడు. కమిషనర్ ఇంటి వంటమనిషి గుమ్మంలోకి వచ్చి, "అక్కా, మేమూ మనుషులమే కదా" అంది. వలలక్క చెయ్యి ఆగింది. "అందుకే గుమ్మం మీద ఉంచేస్తున్నా. సందు పొడుగునా ఎందుకే నీకు?"

విప్పిన వల ఆసుపత్రి దారి మీద కట్టారు. మర్నాడు చెల్లెలు సణుక్కుంటూనే టాక్సీ ఎక్కింది. కానీ వల మందుల షాపు దాకానే సరిపోయింది. అక్కణ్ణించి ఆసుపత్రి గేటు దాకా ఉత్త ఆకాశమే. వారానికి మూడుసార్లు ఆ ముక్క దాటుతున్నారు, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని. రక్షణ ఏర్పాట్లను పాడుచేసిందని వలలక్క మీద కేసు పెట్టారు. విచారణ సోమవారం.

చదివి అయ్యో అనుకుంటే ఆ గేటు దగ్గరపడదు. చిరిగిన వలైనా, ఆటస్థలం కంచె వలైనా, మిగిలిన తాడైనా రేవు షెడ్డుకు పంపండి. సోమవారం కోర్టుకు రండి, హాలు నిండాలి. దూరాన ఉన్నవాళ్లు మీ ఊళ్లో వలలు ముందు ఎవరి నెత్తి మీద కడుతున్నారో వెళ్లి చూడండి. ఆసుపత్రి దారి బోసిగా ఉంటే ఇంజనీరు గదిలో కూర్చోండి. స్తంభాలు పాతేదాకా లేవకండి.