సీలింగు ఫ్యాను ఉండగా ఇంకోటెందుకు?

జడ్చర్లలో నా అంత బేరగాడు లేడని చాటడానికే, తొంభైల చివర్లో విడిభాగాలు కొని సొంతంగా కంప్యూటరు బిగించాను. ప్రాసెసరు మీది చిన్న ఫ్యానును కూడా బిల్లులోంచి తీసేయించి, నూట యాభై మిగిల్చాను.

నా డీటీపీ కొట్టుకు వచ్చిన మొదటి పని, పక్క కొట్టు రేడియో మెకానిక్ రహీం భాయ్ కూతురి పెళ్లి కార్డు. సాయంత్రానికి ప్రెస్సుకివ్వాలి. అక్షరం నొక్కితే తీరిగ్గా పడేది. పెళ్లికొడుకు పేరు దగ్గరికి రాగానే తెర బిగుసుకుపోయేది. మళ్లీ మొదలుపెడితే మళ్లీ అంతే. కరెంటు హెచ్చుతగ్గులేమోనని పరుగెత్తి స్టెబిలైజరు తెచ్చాను. అయినా ఆగింది.

రహీం భాయ్ వచ్చాడు. "ఏం సేటూ, మా దూల్హాతోని నీకేం దుష్మనీ?" అంటూ కంప్యూటరు డబ్బా మీద చెయ్యేసి చటుక్కున తీశాడు. "అరే, దీని మీద రొట్టె కాల్చొచ్చు!"

మూత విప్పాడు. "లోపల ఫ్యానేది?"

నేను పైకప్పు వైపు చూపించాను. ఆయన నవ్వలేదు. అప్పుడే నాకు నిజంగా భయమేసింది.

తన టేబుల్ ఫ్యాను తెచ్చి డబ్బాకు ఎదురుగా పెట్టాడు. గంటలో కార్డు పూర్తయింది.

నా తెలివికైన ఖర్చు: స్టెబిలైజరు తొమ్మిది వందలు, తర్వాత బేరమాడకుండా కొన్న ప్రాసెసరు ఫ్యాను బస్సు చార్జీతో కలిపి రెండొందల ఇరవై, సిగ్గుపడి వదులుకున్న కార్డు కూలి మూడొందలు. మిగిల్చిన నూట యాభై తీసేస్తే, నికర నష్టం పన్నెండు వందల డెబ్బై.