ఆయన చూపు మీద నేనన్న మాట

పెదపాడు దగ్గర చెరువు గట్టున వ్యానులోకి చేపల ట్రేలు ఎక్కించడం ఆలస్యమవుతోందని కూలీల మీద విరుచుకుపడుతున్నాను. ఫోను మోగింది. తాడేపల్లిగూడెం నుంచి ఉస్తాదుగారి అమ్మాయి. "అన్నయ్యా, నాన్న పోయారండీ. తెల్లారగట్ల నమాజుకి లేచి కూర్చున్నారు, అంతే" అంది. నా నోట్లో బూతు ఇంకా సగంలోనే ఉంది. చావు కబురు వింటే అనవలసిన 'ఇన్నాలిల్లాహ్' కూడా ఆ నోటితోనే అన్నాను.

ఆయన నాకు తివాచీ నేత నేర్పిన గురువు. ఏలూరులో ఆయన ఇంటి వసారాలో రెండు మగ్గాలుండేవి. నా పెళ్ళయిన కొత్తలో పనికి చేరాను. ఆయన వయసులో సగం లేని నన్ను కూడా 'అండీ' అనే పిలిచేవారు. మొదట్లో వెటకారమేమో అనుకున్నాను.

మగ్గం ముందు పలక మీద నలుగురం పక్కపక్కనే కూర్చుని ఉన్ని ముళ్ళు వేసేవాళ్ళం. చేతులకి పనుంటే నోళ్ళు ఊరుకుంటాయా! ఎవరి అల్లుడు తాగొచ్చాడు, ఎవరింట్లో ఏం గొడవ, అన్నీ మాకే కావాలి. ఉస్తాదుగారు కోప్పడేవారు కాదు. చేతిలో ఉన్ని కోసే కత్తి కింద పెట్టి, "వారు ఇక్కడ లేరు కదండీ, పిలుద్దామా?" అనేవారు. ఊరికే అంటున్నారనుకున్నాం. ఒకరోజు ఉన్నికి రంగులద్దే ఆయన గురించి నేనేదో కూస్తుంటే, నిజంగానే ఫోను తీశారు. "ఏవండీ, ఇక్కడ మీ సంగతే నడుస్తోంది. మీరు లేకపోతే బాగాలేదు, ఒకసారి వస్తారా?" అన్నారు. పావుగంటలో ఆయన సైకిలేసుకుని వచ్చేశాడు పాపం. ఉస్తాదుగారు నన్ను చూపించి, "వీరేదో అంటున్నారండీ" అన్నారు. నేను నీళ్ళు నమిలాను. "ఇప్పుడేమీ లేదటండీ. టీ తాగి వెళ్ళండి" అన్నారు ఉస్తాదుగారు.

రంగులాయన వెళ్ళాక ఉస్తాదుగారు నాతో మెల్లిగా ఒక మాట చెప్పారు. "ఎదుట లేనివారిని అన్న మాట నమాజుతో పోదండీ. ఆ మనిషే మాఫ్ చెయ్యాలి." సరేనండీ అని తలూపాను. తలూపడానికేం, ఎవడైనా ఊపుతాడు.

కొన్నేళ్ళకి ఒక తివాచీ అంచులో నాలుగు వేళ్ళ మేర రంగు తేడా వచ్చింది. కుంకుమ ఎరుపు ఉండాల్సిన చోట ఇటుక ఎరుపు పడింది. ఆ ముళ్ళు వేసింది నేనే. వ్యాపారి సరుకు తిప్పి పంపాడు. ఆ సాయంత్రం టీ కొట్టు దగ్గర ఏమైందని అడిగితే, "పెద్దాయనకి చూపు మందగించిందండీ, ఏం చేస్తాం" అనేశాను. నవ్వుతూ అన్నాను, నా నోరు పడిపోను! కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని ఊరికే అనలేదు పెద్దలు. ఏడాది తిరక్కుండా ఆయనకి పని ఇచ్చేవాళ్ళే లేకుండా పోయారు. "చూపు తగ్గిందటగా ఉస్తాదుగారూ" అని వీధిలో పలకరించేవారు. బాగానే కనబడుతోందండీ అనేవారే గానీ, ఎవరు చెప్పారని ఒక్కసారీ అడగలేదు. అడిగితే ఇంకొకరిచేత చాడీ చెప్పించినట్టవుతుందని ఆయన లెక్క.

మగ్గాలు విప్పేశారు. నేను చేపల వ్యానెక్కాను. ఆయన్ని గూడెంలో కూతురింటికి చేర్చింది కూడా నా వ్యానులోనే. దారిలో చెప్పేద్దామని గొంతు దాకా తెచ్చుకున్నాను. దెందులూరు దాటుతుంటే లారీవాడొకడు అడ్డంగా వచ్చాడు. వాడి తల్లిని కలిపి ఒక బూతు తిట్టాను. ఉస్తాదుగారు, "ఆవిడ మీకు తెలుసాండీ?" అన్నారు. ఎవరండీ అన్నాను. "ఇందాక అన్నారే, ఆ తల్లి" అన్నారు. ఆ ముక్కూ మొహం తెలియని మనిషి కోసం అక్కడికక్కడే చేతులెత్తి, చల్లగా చూడమని దుఆ చేశారు. ఇంకేం చెప్తాను నేను!

పోయిన రంజాను వెళ్ళాక మళ్ళీ గూడెం వెళ్ళాను. ఇవాళ కాళ్ళు పట్టుకుని చెప్పేయాల్సిందే అనుకున్నాను. ఆయన కూతురు కుట్టుమిషను ముందు కూర్చుని, "నాన్నా, సూదిలో దారం ఎక్కించి పెడతారా? నాకు ఆనట్లేదు" అంది. కళ్ళజోడు కూడా లేకుండా ఒక్కసారికే ఎక్కించేశారు ఆయన. నేను లేవబోయాను.

"ఏదో చెప్పాలని వచ్చినట్టున్నారు" అన్నారు.

"ఏం లేదండీ" అన్నాను.

"ఏమీ లేనప్పుడు ఊరుకోవడమూ మంచిదేనండీ" అని నవ్వారు. ఆయనకి తెలుసో తెలియదో నాకిప్పటికీ తెలియదు.

జనాజా నమాజుకి ముందు పోయినవారి తరఫున ఇంటివాళ్ళు మాఫీ అడగడం మాలో పద్ధతి. ఆయన అల్లుడు ముందుకొచ్చాడు. "మా మావయ్యగారు మాటతో గానీ చేతతో గానీ ఎవరినైనా నొప్పించి ఉంటే, దయచేసి మాఫ్ చెయ్యండి" అన్నాడు. వరసల్లో అందరూ చేశామన్నారు. నేనూ అన్నాను. ఆయన్ని నేను మాఫ్ చెయ్యడమా! అడగాల్సింది నేను, ఇవ్వాల్సినాయన కఫను గుడ్డ చుట్టుకుని పడుకున్నారు.

మౌలానాగారికి అంతా చెప్పుకున్నాను. "ఎక్కడ చెడు చెప్పారో అక్కడే నిజం చెప్పండి. ఆయన కోసం దుఆ చెయ్యండి. ఆ పైన అల్లా దయ" అన్నారు.

మర్నాడు పొద్దున్నే ఏలూరులో ఆ టీ కొట్టుకే వెళ్ళాను. పాతవాళ్ళు ఐదారుగురున్నారు. "ఆ తప్పు ఎరుపు వేసింది నేనండీ. ఉస్తాదుగారి చూపుకి ఏమీ కాలేదు. నేనే అబద్ధం చెప్పాను" అన్నాను. కొట్టు ఆయన నా భుజం తట్టాడు. "గురువుగారి తప్పు మీ మీద వేసుకుంటున్నారు. శిష్యుడంటే మీరేనండీ" అన్నాడు. కాదండీ బాబూ అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. ఏడుస్తుంటే ఎవరు నమ్ముతారు! "పోయినవారి గురించి అలాగే చెప్పాలిలెండి" అని ఓదార్చారు.

అప్పుడే ఒకాయన లోపలికొచ్చి, ఎవరి గురించి అని సైగ చేశాడు. బెంచీ చివరాయన నా వైపు జాలిగా చూసి, నోటితో ఏమీ అనకుండా, రెండు వేళ్ళతో తన కళ్ళు చూపించి, ఆ చూపు పోయినాయన అన్నట్టు తల అడ్డంగా ఊపాడు.