ఓబులేసు మోయాల్సిన కుండ

నా ఒక్క కొడుకు ఓబులేసు పట్నంలో, మహదేవపుర దిక్కు ఇంటింటికీ పార్సిళ్లు ఇచ్చేవాడు. ఒక ఇంట్లో ఉంగరం కనపడలేదని వాడి మీద కేసు పెట్టినారు. భయపడి పారిపోయినాడు. టీవీలో అదురుపుట్టే సంగీతం పెట్టి, పేరుమోసిన గజదొంగ మాదిరి చూపించినారు. వాడు అదే పట్నంలో బళేపేట అంగళ్ల ముందర గోనెసంచుల మీద పస్తు పండుకొని ఉండాడని వాళ్లకేం తెలుసు?

అంతలో వాళ్ల నాయన గుండెపోటుతో పోయినాడు. రావద్దురా అని చెప్పించినా వచ్చినాడు. శ్మశానంలో గుండు గీయించుకొని నీళ్లకుండ భుజానికెత్తుకున్నాడు. ఫోటో పట్టుకొచ్చిన పోలీసులు ఆ గుండులో వాణ్ని గుర్తుపట్టలేదు.

"ఓబులేసు ఎవరప్పా ఇక్కడ?" అన్నాడు కానిస్టేబుల్.

"నేనే సార్. చితి చుట్టూ మూడు చుట్లు తిరిగి వచ్చేస్తా."

రెండు చుట్లు కాగానే కుండ దింపించి లాక్కుపోయినారు. పారిపోయేవాడైతే పేరు చెప్తాడా?

మా పెద్దమనుషులంతా నేల చూపులు చూసినారు. నేను కుండ ఎత్తుకున్నాక మాత్రం నోళ్లు లేచినాయి.

"ఆడదానివి, నువ్వు తిరగకూడదమ్మా!"

"అయితే మీరు రాండి మామా. వాణ్ని లాక్కుపోయేటప్పుడు ఏడబోయింది ఈ నోరు?"

ఎవరూ రాలేదు. మిగిలిన చుట్టు నేనే తిరిగి, కుండ పగలగొట్టినా.