నమిలే మనిషిని ఏమడగొద్దు

పెద్దమ్మ పోయిందని ఆమె బిడ్డ ఫోన్ చేసి చెప్పింది. "కూసున్నకాడనే పోయింది అక్కా, దుకాణంల," అన్నది. మెల్లగా మిగతాది చెప్పింది. పగలు పదకొండు గంటలప్పుడు ముగ్గురు ఆడవాళ్లు సరుకులకు వచ్చారట. పెద్దమ్మ గోడకు ఆనుకొని, తల కొంచెం వంచి, కునుకు తీస్తున్నట్టే ఉందట. లేపడం ఎందుకులే అని వాళ్లు అలవాటు ప్రకారం తలా గుప్పెడు పుట్నాలు తీసుకొని, ఆమె లేచేదాకా నములుతూ ఎదురుగా నిలబడ్డారట. చాలాసేపటికి ఒకామె గమనించింది, ముఖం మీద వాలిన ఈగను పెద్దమ్మ తోలుకోవడం లేదని.

తిరుమలాయపాలెం దగ్గర ఒక ఊళ్లో టీకాలు వేస్తూ ఉన్నాను నేను. ఫోన్ పెట్టేసి, వరుసలో ఉన్న పిల్లలందరికీ టీకాలు పూర్తి చేశాను. చేతులు వాటి పని అవి చేశాయి. మనసు మాత్రం ఆ ముగ్గురి దగ్గరే ఉండిపోయింది. పోయిన మనిషి ముందు నిలబడి, పోయిందని తెలియక, ఆమె నేర్పిన మర్యాద ప్రకారమే తింటూ ఎదురుచూసిన ముగ్గురు.

ఆమె నాకు చుట్టం కాదు. ఊరంతా పెద్దమ్మ అనేది, నేనూ అన్నాను. రెండువేల తొలి సంవత్సరాల్లో ఏఎన్ఎంగా నా మొదటి పోస్టింగ్ ములకలపల్లి అవతల, పొలాలు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఉన్న ఒక చిన్న ఊళ్లో పడింది. ఊరికి ఒకటే కిరాణం దుకాణం, రేకుల కప్పు. దాని వెనకాల గది నాకు కిరాయికిచ్చింది పెద్దమ్మ.

దిగిన రోజు చక్కెర కొనడానికి పోయి పర్సు తీయబోతే నా చెయ్యి పట్టుకొని ఆపింది.

"ముందుగాల ఏదన్న నోట్లెయ్, నర్సమ్మ. పైసలు తర్వాత."

నాకు సిగ్గేసింది. మా అమ్మ ఖమ్మంలో దుకాణాలకు తీసుకుపోయినప్పుడు నా రెండు చేతులూ వెనక్కి కట్టుకోమనేది. కొనకముందు ముట్టుకుంటే దొంగతనమే అనేది. ఇక్కడేమో తినకుండా కొంటే తప్పు. తినడానికి కూడా ఒక పద్ధతి ఉంది. బస్తాలో చెయ్యి దించి కెలకొద్దు, పైనున్నదే తియ్యాలి. చేతిలోకి తీసుకున్నది తిరిగి బస్తాలో వెయ్యొద్దు. చిన్న పిల్లలైతే వాళ్లంతట వాళ్లు తియ్యకుండా పెద్దవాళ్లు తీసి పెట్టాలి. అన్నిటికంటే గట్టిగా చెప్పేది ఒకటుంది. "నమిలే మనిషిని ఏమడగొద్దు. మొఖం దిక్కు గూడ చూడొద్దు." ఎవరైనా పుట్నాలు నోట్లో వేసుకోగానే ఆమె తల తిప్పుకొని కాటా గిన్నెలు తుడుస్తూ కూర్చునేది. మాటలన్నీ ఆగిపోయేవి. నలుగురైదుగురు మనుషులు నిలబడ్డ దుకాణంలో ఒక్క నమిలే చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించేది కాదు. మొదట్లో నవ్వొచ్చేది. కొన్నాళ్లకు ఆ చప్పుడు వింటుంటే ఎందుకో భయం వేసేది. వాళ్లంతా ఎవరి కోసమో తింటున్నట్టు ఉండేది.

నిద్ర పట్టదని ఆమె నన్ను తరచుగా గోలీలు అడిగేది. ఒక మధ్యాహ్నం, బేరం లేని వేళ, ఎన్నాళ్ల నుంచి పట్టడం లేదని అడిగాను. అప్పుడు చెప్పింది.

నేను రాకముందు రెండేళ్ల కింద గుట్ట మీది గూడెం నుంచి ఒక పిల్ల వచ్చిందట, పదిహేడు పద్దెనిమిదేళ్లది. కరక్కాయలు తెచ్చింది, పుట్నాలు, బెల్లం కావాలన్నది. పెద్దమ్మ కరక్కాయలు తూకం వేస్తుండగా ఆ పిల్ల నాలుగు పుట్నాలు తీసి నోట్లో వేసుకుంది. ఆ రోజు దుకాణం నిండా మనుషులు.

"అందరి ముంగట అన్న. ఇయ్యకముందే తింటవా, ఉమ్మెయ్ అన్న. గట్ల ఎందుకన్ననో నాకే తెల్వదు. గా పిల్ల ఏడ్వలే, కొట్లాడలే. నోట్లెవి అరచేతిల ఉమ్ముకున్నది. తీస్కచ్చి గిక్కడ పెట్టింది," అని కాటా పక్కన చెక్క మీద వేలు పెట్టి చూపించింది. "పెట్టి పోయింది. కరక్కాయలు గూడ తీస్కపోలే."

నాలుగు రోజుల తర్వాత గూడెం వాళ్లు ఒక మంచాన్ని మోసుకుంటూ దుకాణం ముందు నుంచి దవాఖానాకు పోయారు. మంచం మీది మనిషికి నిండా దుప్పటి కప్పి ఉంది. ఒక చెయ్యి బయటికి వేలాడుతోంది. మణికట్టు మీద మూడు చుక్కల పచ్చబొట్టు. పుట్నాలు ఉమ్ముకున్న చెయ్యే. జ్వరం తలకెక్కిందన్నారు. సాయంత్రం అదే మంచం అదే దారిన వెనక్కి వచ్చింది. ఈసారి మోసేవాళ్లకు తొందర లేదు.

"గా దినం వచ్చినప్పుడే జ్వరమున్నదో ఏమో. ఆకలైందో ఏమో. నేను మొఖం చూడలే, చెయ్యి మాత్రమే చూసిన."

"గూడెం పోయినవా పెద్దమ్మా?"

"పోయిన. తల్లి మంచినీళ్లిచ్చింది. ఒక్క మాట అనలే. అన్నా బాగుండు."

అంతే చెప్పింది. ఎవరో ఉప్పు కోసం వస్తే లేచి పోయింది.

మరుసటి ఎండాకాలం ఒక రోజు గూడేలు తిరిగి ఒంటిగంటకు వచ్చాను. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు, కళ్లు తిరుగుతున్నాయి. దుకాణం తలుపులు ఓరగా వేసి ఉన్నాయి. లోపల గోనెసంచుల తెర వెనక పెద్దమ్మ పడుకొని ఉంది. ఎండకు రేకులు చిటపటమంటున్నాయి. ఆమెను లేపడం ఇష్టం లేక, చీకట్లో చెయ్యి చాపి గుప్పెడు పుట్నాలు, బెల్లం ముక్క నోట్లో వేసుకున్నాను.

రెండుసార్లు నమిలానో లేదో, తెర వెనక నుంచి గొంతు వినిపించింది.

"వచ్చినవా బిడ్డా?"

నన్ను ఆమె ఎప్పుడూ నర్సమ్మ అనే పిలిచేది. ఆ గొంతు కూడా నాకు తెలిసిన గొంతు కాదు, చాలా చిన్నగా, బతిమాలుతున్నట్టు ఉంది. నమలడం ఆపేశాను. నోటి నిండా ఉన్నందుకు బదులు చెప్పలేకపోయాను.

"తిను. మెల్లగ తిను. ఉమ్మకు బిడ్డా, నీ పుణ్యముంటది. ఈసారి నేనేమనను."

తెర కొంచెం ఊగింది, ఆమె లేస్తుందేమో అనుకున్నాను. లేవలేదు. ఏడుస్తున్నట్టు ముక్కు ఎగబీల్చిన చప్పుడు మాత్రం వచ్చింది. వెనక్కి వెనక్కి నడిచి బయటపడ్డాను. ఎండలో నిలబడ్డాక నోట్లో ఉన్నది ఉమ్మేద్దామనిపించింది. చేతకాలేదు. ఎట్లాగో మింగాను.

సాయంత్రం నీళ్లు పట్టుకోవడానికి పోతే పెద్దమ్మ తల దువ్వుకొని, ఉతికిన చీర కట్టుకొని కూర్చుంది. ముఖం తేటగా ఉంది.

"ఇయ్యాల వచ్చింది," అన్నది.

"ఎవరు పెద్దమ్మా?"

"గా పిల్లనే. తిన్నది. ఉమ్మలే."

నేనే అని చెప్పడానికి నోరు తెరిచాను. ఆమె ముఖం చూసి మూసుకున్నాను. ఆ తర్వాత ఆమె నన్ను ఒక్క గోలీ కూడా అడగలేదు. నిద్ర పడుతోందా అంటే, అవ్, పడుతున్నదని నవ్వేది. జబ్బు నయమైనందుకు సంతోషించాలో, నేను మోసం చేసినందుకు సిగ్గుపడాలో తెలియక మూడేళ్లు ఆ గదిలోనే ఉన్నాను. పుట్నాలు మాత్రం మళ్లీ ముట్టుకోలేదు. "నువ్వెందుకు తినవు?" అని ఆమె కూడా ఎన్నడూ అడగలేదు.

బదిలీ అయ్యి సామాను సర్దుకున్న రోజు ఇక దాచలేకపోయాను. ఆమె నా దారి కోసం అటుకులు మూట కడుతోంది.

"పెద్దమ్మా, ఆ ఎండాకాలం మధ్యాహ్నం తిన్నది నేనే. నువ్వు ఆ పిల్ల అనుకున్నవు. చెప్పనందుకు ఏమనుకోకు."

ఆమె ముడి వేయడం ఆపలేదు.

"నువ్వని తెలుసు. నీ చెప్పుల చప్పుడు నాకు తెల్వదా?"

"మరి ఆ పిల్ల వచ్చిందన్నవ్?"

"నేను పిలవంగనే నువ్వు నమలుడు బంద్ చేసినవ్ గదా?"

"అవ్."

"నువ్వు బంద్ చేసినంక గూడ నమిలిన చప్పుడు ఇనొచ్చింది," అని మూట నా చేతిలో పెట్టింది. "జల్దీ పో, బస్సు పోతది."

ఆ రోజు నాకు ఏం వినిపించిందో చాలాసార్లు గుర్తు చేసుకోవాలని చూశాను. రేకుల చిటపట గుర్తుంది, నా గుండె చప్పుడు గుర్తుంది. ఇంకో చప్పుడు లేదని మాత్రం ఒట్టేసి చెప్పలేను. నేను దవాఖానా మనిషిని, ఇట్లాంటివి నమ్మేదాన్ని కాదు. కానీ తన తప్పును ఆమె ఏళ్ల తరబడి పదిమందికి అన్నం పెట్టినంత శ్రద్ధగా దిద్దుకుంటూ వచ్చింది. అట్లా దిద్దుకున్న మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. ఆకలితో గుమ్మంలోకి వచ్చిన వాళ్లను, ముందు తినండి, తర్వాత మాట్లాడుదాం అనడం నాకు ఆమె నుంచే వచ్చింది. ఇప్పుడు మా సబ్‌సెంటర్‌లో బాలింతలకు ముందు బిస్కెట్లు ఇచ్చి, వాళ్లు తినేదాకా రిజిస్టర్ తెరవను.

దినాలకు పోయాను. దుకాణం తలుపులు మూసి ఉన్నాయి. గుట్ట మీది గూడెం నుంచి ఏడెనిమిది మంది ఆడవాళ్లు నడిచి వచ్చి అరుగు మీద వరుసగా కూర్చున్నారు. అరుగు ఇరుకు. చోటు చాలక ఇద్దరు ఎండలో నిలబడే ఉన్నారు. అయినా వరుస మధ్యలో ఒక మనిషి పట్టేంత జాగా ఖాళీగా ఉంది. నడిచి అలసిపోయి అక్కడ కూర్చోబోయాను. పక్కనున్న ముసలామె నా వైపు చూడకుండానే ఆ జాగాలో అరచెయ్యి ఆనించింది.

"అక్కడ కాదు," అన్నది. తనే కొంచెం ఒదిగి ఇంకో పక్కన నాకు చోటిచ్చింది.

పెద్దమ్మ బిడ్డ మోదుగాకు డొప్పల్లో పులిహోర పెట్టుకుంటూ వచ్చింది. ఖాళీ జాగా ముందు కూడా ఒక డొప్ప పెట్టింది. నా దగ్గరికి వచ్చినప్పుడు వంగి చెవిలో అన్నది. "నీ పక్కనామె గా పిల్ల తల్లి, అక్కా. ఇన్నేండ్లల్ల ఈ గడపకు రాలే. ఇయ్యాల్నే వచ్చింది."

పొద్దు వాలి ఎండ అరుగంచు దాటింది. మా మోకాళ్ల మీదికి వచ్చింది. ముసలామె తినడం ఆపి, ఎడమ చేత్తో తన కొంగు విప్పి, పక్కనున్న ఖాళీ జాగాకు ఎండ తగలకుండా పట్టుకుంది.