ఆరని టవలు

ఆ రోజుల్లో నాకు తెలియని దేశం లేదు. వయసు ఇరవై రెండు. అనంతపురం దాటి చూసింది బెంగళూరు ఒక్కటే, అదీ నెల రోజుల ట్రైనింగు కోసం. అయినా మా ఊళ్లోని టూర్ల ఆఫీసులో నాకో కుర్చీ వేసి, వెనక గోడకు ప్రపంచపటం తగిలించేసరికి, ఎవరు ఎక్కడికి వెళితే సుఖపడతారో నాకే తెలుసని గట్టి నమ్మకం కుదిరింది. (ఆ వయసులో నమ్మకానికి అంతకు మించిన ఆధారం అక్కర్లేదు.) మా యజమానిని అందరం గ్యారంటీ సారు అనేవాళ్లం. విమానం వేళకు, హోటల్లో ఇడ్లీకి, దేనికైనా గ్యారంటీ ఇచ్చేవాడు. నా ఉద్యోగానికి మాత్రం ఇవ్వలేదు. మూడు నెలలు చూస్తానన్నాడు. రెండున్నర నెలలు గడిచినా నేను ఒక్క కుటుంబాన్ని కూడా ఊరు దాటించలేదు.

అప్పుడు పామిడి నుంచి టవళ్ల శెట్టి వచ్చాడు, వాళ్లమ్మను వెంటబెట్టుకుని. ధనుర్మాసంలో పెళ్లిళ్లుండవు, బట్టల కొట్టు ఖాళీగా ఉంటుంది, అందుకని ఇంటిల్లిపాదీ తొమ్మిది మంది ఏదైనా బయటి దేశం వెళ్లాలట. అవ్వకు మోకాళ్ల నొప్పులు కాబట్టి ఊరూరా తిరగడం కుదరదు, ఒక్కచోటే ఆరు రోజులు దిగాలి. ఆ ఒక్క చోటు ఏదో నేను చెప్పాలి. ఈ పార్టీ పోతే నువ్వూ పోతావని గ్యారంటీ సారు అద్దాల గదిలోంచి చూసిన చూపులోనే నాకు అర్థమైంది.

ఏ ఊరు చూపించినా శెట్టి ఒక్కటే ప్రశ్న వేశాడు. "ఆడ వాన పడతాదా?" సెలవులకు వాన శత్రువని ట్రైనింగులో మొదటి రోజే నేర్పారు కదా, దుబాయిలో వాన మాటే ఉండదని ధైర్యంగా చెప్పాను. శెట్టి టీ గ్లాసులోకి చూశాడు. ఈజిప్టు చూపించి, ఒక్క చుక్క పడినా నాది పూచీ అన్నాను. అవ్వ కాలితో చెప్పులు వెతుక్కుంది. మలేసియా పడమటి తీరంలో డిసెంబరు ఆకాశం అద్దంలా ఉంటుందనేసరికి ఇద్దరూ లేచి నిలబడ్డారు.

"వాన పడని చోటు సూసేదానికి ఇమానమెందుకు పాపా," అంది అవ్వ, కోపమేమీ లేకుండా. "మా వాకిట్లో మంచమేసుకోని కూకుంటే సాలదా?"

నాకు తల కొట్టేసినట్టయింది. నేనేమన్నా కోనసీమలో పుట్టానా? నీళ్ల ట్యాంకరు హారను వినబడితే పరీక్ష చదువు వదిలేసి బిందెతో పరిగెత్తిన మనిషిని. మబ్బు పట్టిందంటే ఇంట్లో అందరం గొంతు తగ్గించి మాట్లాడేవాళ్లం, ఎక్కడ వెళ్లిపోతుందోనని. అలాంటిదాన్ని బెంగళూరు ఒక్క నెలలో ఇంతగా పాడుచేసింది. వాళ్లను బతిమాలి కూర్చోబెట్టి, సొరుగులోంచి ట్రైనింగు వాళ్లిచ్చిన కాగితం తీశాను. డిసెంబరులో ఎవరినీ పంపకూడని ఊళ్ల పట్టిక అది. మలేసియా తూర్పు తీరంలో చేపలు పట్టే ఒక ఊరి పేరుకు ఎదురుగా ఇలా ఉంది: రోజంతా వాన, పడవలు నడవవు, చూడడానికి ఏమీ ఉండదు. చదివి వినిపించాను.

"దినమంతా పడతాదా?" అని అవ్వ రెండుసార్లు అడిగింది. "పొద్దున్నించి మాపటి దంకా ఇడవకుండా పడే వాన ఒక్కసారన్నా సూడల్లని ఉండాది నాకు. ఆడికే పోదాం లేరా."

టికెట్లు కొన్నాక గ్యారంటీ సారుకు సంగతి తెలిసింది. తిట్టలేదు. సొరుగు ఇప్పటి నుంచే ఖాళీ చేసుకుంటే చివర్లో తొందర ఉండదని సలహా ఇచ్చి, తాళంచెవి తీసుకున్నాడు.

వాళ్లు దిగిన రోజే శెట్టి ఫోను చేశాడు. "పాపా, ఈడ ఎండ కాస్తాండాది." లోపమున్న సరుకు వెనక్కి పంపే గొంతు అది. క్షమించమని, రేపటి దాకా ఆగమని వేడుకున్నాను. సాయంత్రం గుడికి వెళ్లి, తొమ్మిది మంది సెలవులు వానలో కొట్టుకుపోవాలని ఆంజనేయస్వామికి మొక్కుకున్నాను. (పూజారికి మాత్రం ఉద్యోగం కోసమని చెప్పాను.) తర్వాత ఐదు రోజులు ఫోను లేదు. ఫోను రాలేదంటే నేరుగా లాయరు దగ్గరికి వెళ్లారని అర్థం అన్నాడు గ్యారంటీ సారు.

వాళ్ల వ్యాను బెంగళూరు విమానాశ్రయం నుంచి తిన్నగా మా ఆఫీసు ముందుకే వచ్చి ఆగింది. గ్యారంటీ సారు లేచి, వానలు మా చేతుల్లో ఉండవని మొదలుపెట్టాడు. శెట్టి వినిపించుకోకుండా ప్లాస్టిక్ కవరు విప్పి, పామిడి టవలొకటి తీసి బల్ల మీద పెట్టాడు. దానికన్నా ముందు దాని వాసన వచ్చింది.

"ముట్టి సూడు సార్. రెండో దినం ఆరేసినా. ఇంగా ఆరల్యా."

దండెం మీద వేసి వెనక్కి తిరిగేలోగా టవలు ఆరిపోయే ఊరు వాళ్లది. తాతల నాటి నుంచి టవళ్లు అమ్ముతున్న ఆ వంశంలో ఈ వింత చూసినవాళ్లు లేరు. ఐదు రోజులూ తొమ్మిది మందీ హోటలు వరండాలో కుర్చీలు వేసుకుని వాన చూశారట. అవ్వ అక్కడి బకెట్లన్నీ చూరు కింద పెట్టించి, నిండినవాటిని ఎవరినీ పారబోయనివ్వలేదట. హోటలాయన రోజూ పొద్దున్నే వచ్చి తల వంచుకుని క్షమించమనేవాడట. పాపం, ఆయనకేం కష్టమొచ్చిందోనని వీళ్లే ఓదార్చి పంపేవాళ్లట.

అవ్వ టవలును మళ్లీ కవరులో చుట్టి నా చేతిలో పెట్టింది. "నీ కోసరమే తెచ్చినా. ఆరకముందే తీసకపోయి మీయమ్మకు సూపీ."

గ్యారంటీ సారు సొరుగు తాళంచెవి బల్ల మీదికి జరిపాడు. నేను అడక్కుండానే గంట సెలవు కూడా ఇచ్చాడు. మా ఇల్లు పావుగంట నడక. కవరు విప్పకూడదని తెలుసు, కానీ చెయ్యి ఊరుకోలేదు. దారి పొడవునా టవలు తీసి తడుముకుంటూ నడిచాను. అమ్మ చేతికి అందేసరికి అది ఒట్టి టవలు. "ఏముండాది దీంట్లో?" అంది అమ్మ, అటూ ఇటూ తిప్పి. చెప్పబోతే ఏడుపొచ్చింది.

ఇప్పుడు బెంగళూరులోనే ఉంటున్నాను. ఈ డిసెంబరుకు ఏ దేశంలో దిగాలని ఇంట్లో చర్చ నడుస్తోంది. మా అమ్మాయి పెట్టిన షరతు ఒక్కటే, వాన పడకూడదట. నేనూ బుద్ధిగా తలూపాను. నిన్న ఆటో దొరక్క తడిసి ముద్దయి ఇల్లు చేరి, "పాడు వాన" అని పైకే అనేశాను. అని, ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూశాను. బీరువాలోంచి అవ్వ ఇచ్చిన టవలు తీసి తల తుడుచుకుని దండెం మీద వేశాను. పొద్దున చూస్తే ఇంకా తడిగానే ఉంది. గబగబా కవరు వెతికి చుట్టబోయాను, ఎవరికైనా చూపించాలని. ఈ ఊళ్లో అందరి టవళ్లూ తడిగానే ఉంటాయని గుర్తొచ్చి, మళ్లీ ఆరేశాను.