అరవై టన్నుల కాంటా మీద నేనొక్కణ్ణి

ఈ సంగతి రాసిపెట్టక తప్పదు. ఎందుకంటే తాండూరులో ఇది ఇప్పటికే మూడు రకాలుగా తిరుగుతోంది. ఒకదాని ప్రకారం, నేను ఎక్కగానే లారీ కాంటా కింద కాంక్రీటు పగిలింది. రెండోదాని ప్రకారం, హైదరాబాదు డాక్టర్లు నా కడుపు తీసేసి మేక కడుపు పెట్టారు. మూడోదాన్ని మర్యాదస్థులు చదివే చోట రాయలేను. అసలు నిజం ఈ మూడింటికన్నా సిగ్గుచేటు. దాన్ని నేనే రాస్తే కనీసం వివరాలైనా సరిగ్గా ఉంటాయి. పాఠకులు కుర్చీ గట్టిగా పట్టుకోండి. ఇది మామూలు ప్రమాదం కాదు, చదువుకున్నవాడు కొనితెచ్చుకున్న ప్రమాదం.

చదువంటే కాలేజీ చదువనుకోకండి. పదో తరగతి తప్పాను. ఆ తర్వాత చదివిందంతా గ్రంథాలయంలోనే. లైబ్రేరియన్ అంజయ్య సార్ తాళం తీయకముందే మెట్ల మీద కూర్చునేవాణ్ణి. ఖగోళం నుంచి కోళ్ల పెంపకం దాకా బీరువాలకు బీరువాలే చదివాను. తెలివి పెరిగిందో లేదో గాని, ఒళ్లు మాత్రం బీరువాకు కొంత చొప్పున పెరిగింది. నలభై నాలుగేళ్లకు నూట నలభై ఎనిమిది కిలోలు. నేను వెనక కూర్చుంటే ఆటో ముందు చక్రం లేచి దండం పెట్టేది.

ఉద్యోగమూ కూర్చునేదే. నాపరాళ్ల లారీలు తూచే కాంటా దగ్గర ఆపరేటరుని. రోడ్డు పక్కన నేలకు సమానంగా పరిచిన పెద్ద ఇనుప పలక, పక్కన అద్దాల గది, గది నెత్తిన ఎర్రటి అంకెలు వెలిగే బోర్డు. లారీ పలకెక్కుతుంది, బోర్డు మీద బరువు వెలుగుతుంది, మీట నొక్కితే చీటీ వస్తుంది.

నవ్వుతూ చెబుతున్నాను గాని, లోపల భయం ఉండేది. మా నాన్నకు షుగరు. కుల్కచర్ల చుట్టుపక్కల గొర్రెల వెంట గుట్టలన్నీ తిరిగిన ఆయన కుడికాలును చివరికి చీలమండ దగ్గర తీసేశారు. నా బొటనవేలికి తగిలిన దెబ్బ రెండు నెలలైనా మానకపోయేసరికి, తాండూరు డాక్టరు నా రక్తపరీక్ష కాగితంలో షుగరు చూసి, "మీ నాయిన లెక్కనే అయితది నర్సింలూ. బరువు దించుకో" అన్నాడు. ఉలవలతో దించాను, పండ్లతో దించాను, ఒంటిపూటతో దించాను. నాలుగు కిలోలు దిగేవాణ్ణి, మేనమామ ఇంట్లో పెళ్లికి పోయి ఐదు ఎక్కి వచ్చేవాణ్ణి. అప్పుడు ఆయనే కడుపు తగ్గించే ఆపరేషన్ సంగతి ఎత్తాడు. నేను శరీరశాస్త్రం పుస్తకాలన్నీ అటక మీంచి దింపించుకుని చదివి, ఒప్పుకున్నాను.

ఒప్పించాల్సింది మా ఆవిడ సుజాతను. ఇంటి ముందు బండ మీద సుద్దముక్కతో బొమ్మ గీశాను.

"గిది కడుపా? సొరకాయ లెక్కున్నది."

"సొరకాయనే అనుకో. నిలువుగ కోసి ముప్పావు తీసేస్తరు. మిగిలింది అరటికాయంత ఉంటది. జరంత తినంగనే నిండుతది, ఆకలి గుడ తగ్గుతది."

"మంచిగున్న కడుపును ఎవలన్న కోపిచ్చుకుంటరా? నోరు మూసుకుంటే అయ్యే పనికి కత్తులెందుకయ్యా?"

"నేను నోరు మూసుకునుడు పదేండ్ల సంది చూస్తనే ఉన్నవు గద."

ఆమె ఆ బొమ్మ చుట్టూ ఒకసారి తిరిగింది. తర్వాత నా బొటనవేలి కట్టు వైపు చూసింది.

"దీంతోని కాలు దక్కుతదా?"

"దక్కుతదనే పోతున్న."

"అయితే పోదాం పా. గని నీకేమన్న అయిందనుకో, గీ బండ మీదనే నీ పేరు చెక్కిపిస్త."

హైదరాబాదులో ఆపరేషన్ చక్కగా జరిగింది. సర్జన్ నవ్వుతూ పంపించాడు. పప్పు నీళ్లు, ప్రోటీన్ పొడి ఇన్నిసార్లు, ఇంత చొప్పున తీసుకోమన్నారు. రెండు నెలలకు వికారాబాదు క్లినిక్కులో ఆహార సలహాలిచ్చే రెబెకా మేడానికి చూపించుకోమన్నారు. ఆఖరున ఒక మాట చెప్పారు: "వారం వారం బరువు చూసుకోండి. ఎప్పుడూ ఒకే కాంటా మీద."

ఒకే కాంటా! తాండూరులో నాదానికన్నా నమ్మకమైన కాంటా ఎవరి దగ్గరుంది? ఇళ్లల్లో ఉండే మిషన్లు నూట ఇరవై దాటితే చేతులెత్తేస్తాయి. నాది అరవై టన్నులది.

తిరిగి డ్యూటీలో చేరిన మొదటి రోజే పలకెక్కి నడిమధ్యన నిలబడ్డాను. సేడం వైపు నుంచి బండలు తెచ్చే డ్రైవరు బసప్ప గదిలోంచి మీట నొక్కాడు.

"నూట నలభై! నర్సన్నా, లోడా, ఖాళీనా?"

"ఖాళీనే. ముప్పావు తీసేసిండ్రు."

"సరుకేందని అడుగుతున్నది మిషన్. నాపరాయా, కందులా?"

"కందులు కొట్టు."

"కందులంటే తేమ చూడాలె. నాపరాయి కొట్టిన తియ్."

నూట నలభై ఎనిమిది మీద నూట నలభై. అంటే ఒక్క వారంలోనే ఎనిమిది కిలోలు మాయం! ఆ చీటీని పుస్తకంలో నెమలీక దాచుకున్నట్టు దాచుకున్నాను. గ్రాఫు కాగితం కొని గోడకు అంటించాను. రెండో వారం నూట నలభై. మూడో వారం నూట నలభై. ఐదో వారానికి గ్రాఫు మీద నా గీత పాలిష్ పట్టిన బండలా తళతళ మెరుస్తూ చదునుగా పోతోంది.

ఇక్కడ పాఠకులకు అనుమానం రావాలి. మా ఇంట్లో అప్పటికే వచ్చింది.

"నీ పాయింటు నిలుస్తలేదు. బెల్టుకు ఇంకో తూటు పొడిచిన" అంది సుజాత.

"అది ఒంట్లో నీళ్లు పోయినందుకు. కొవ్వు పోలే. పుస్తకంల ఉన్నది."

"మొన్న మంచం కింద చెప్పుల కోసం వంగినవు. ఎన్నేండ్లకు వంగినవు?"

"వంగుడుకు కొలత లేదు సుజాతా. కన్ను మోసం చేస్తది, కాంట చెయ్యదు."

"ఇరవై ఏండ్ల సంది నిన్ను చూస్తున్న కన్ను నాది. ఆ ఇనుప బండకున్న తెలివి దీనికి లేదా?"

లేదనే అనుకున్నాను. పైగా నా దగ్గర ఒక సిద్ధాంతం తయారైంది. కాలేయాన్ని కొంత కోస్తే మళ్లీ పెరుగుతుందని చదివాను. కడుపు దాని పక్కింట్లోనే ఉంటుంది కదా, చూసి నేర్చుకుని ఉంటుంది. తీసేసిన ముప్పావు లోపల మెల్లగా మొలుస్తోంది. నాన్న కాలు కలలోకి వచ్చింది. ఇక ఉన్న ఉపాయం ఒకటే, ఆ కడుపుకు మేత లేకుండా చేయడం. పొడి మానేశాను, పప్పు నీళ్లు మానేశాను, పలచటి మజ్జిగ మీద బతికాను. సుజాత గిన్నెలో పోసి పంపినదంతా కాంటా వెనక పడుకునే కుక్కకు పోశాను. ఆ రోజుల్లో కండ పట్టింది అదొక్కటే.

ఎనిమిదో వారం పలకెక్కి బోర్డు వైపు తల ఎత్తాను. నూట నలభై కనిపించింది. తర్వాత ఆకాశం కనిపించింది. ఆ తర్వాత ఏమీ కనిపించలేదు.

కళ్లు తెరిచేసరికి మా ఇంటి అరుగు మీద ఉన్నాను. బసప్ప సుజాతకు చెబుతున్నాడు: "నలుగురిని పిలిచినక్కా లేపేతందుకు. ఇద్దరికే లేచిండు."

"పొద్దుగాల ఏం తిన్నవయ్యా?" అంది సుజాత.

నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను.

"ఆయన చెప్పడక్కా. కుక్కనడుగు" అన్నాడు బసప్ప.

మర్నాడు పొద్దున రైల్లో వికారాబాదు. క్లినిక్కులో రెబెకా మేడం నన్ను అక్కడి మిషన్ మీద నిలబెట్టింది.

"నూట ముప్పై ఒకటి. పదిహేడు కిలోలు దిగిండ్రన్నా. మస్తుగున్నది!"

"మీ మిషన్ ఖరాబైంది మేడం."

"ఏందీ?"

చీటీల కట్ట తీసి బల్ల మీద పరిచాను. ఎనిమిది చీటీలు, ఎనిమిది నూట నలభైలు, ఎనిమిది నాపరాళ్లు. "సర్కారోళ్లు ఏటేటా వచ్చి ముద్రేసే కాంట మాది. నీళ్ల మీద నడిచిన మనిషి చెప్పినా నమ్మ గని, దీన్ని నమ్ముత."

మేడం ఆ మాటకు మెడలోని సిలువ పట్టుకుని ఒక్క క్షణం కళ్లు మూసుకుని, ఓపిక తెచ్చుకుని, చీటీ ఒకటి వెలుతురుకు పట్టి చూసింది.

"ఇది లారీల కాంటనా?"

"అరవై టన్నులది" అన్నాను గర్వంగా.

"లారీ మీదికెల్లి ఒక కొబ్బరికాయ తీసేస్తే చూపెడతదా?"

నాకు జాలేసింది. తెలియనివాళ్లకు చెప్పడమంటే నాకు మొదటినుంచీ ఇష్టం. కుర్చీ ముందుకు జరుపుకున్నాను. "కొబ్బరికాయెక్కడ మేడం! ఇరవై కిలోలకొక మెట్టు దూకుతది మా కాంట. నూట ఇరవై, నూట నలభై, నూట అరవై. నడుమ లెక్క దానికి రాదు. నూట ముప్పై నుంచి నూట యాభై దాకా ఏది పెట్టినా నూట నలభై అనే..."

బల్ల మీది చీటీలను మెల్లగా నా వైపు లాక్కున్నాను.

"చెప్పుండ్రి, ఆగిండ్రేంది?" అంది మేడం.

పదిహేనేళ్లుగా డ్రైవర్లకు రోజుకు పదిసార్లు చెప్పే మాట అది. లారీకి ఇరవై కిలోలంటే ఈగ వాలినట్టు. నేను లారీని కానన్న సంగతి మాత్రం ఎనిమిది వారాలు నాకు తట్టలేదు. మొదటి వారం నన్ను మురిపించిన ఆ ఎనిమిది కిలోలు కూడా నిజమైనవి కావు.

సుజాత కొంగు నోట్లో కుక్కుకుంది. ఆగలేదు. కళ్ల వెంట నీళ్లు కారేదాకా నవ్వింది. చివరికి నవ్వు ఆగినా నీళ్లు ఆగలేదు. "కాలు దక్కించుకుంటనని పోయి పానం మీదికి తెచ్చుకుంటివి గదయ్యా" అంది.

మేడం నవ్వలేదు. కడుపు మళ్లీ మొలవదనీ, తిండి మానేస్తే పోయేది కొవ్వు కాదు కండేననీ, ఇంకోసారి కుక్కకు పోస్తే ఆ కుక్కనే తన దగ్గరికి తీసుకురావాలనీ గట్టిగా చెప్పింది. తర్వాత నా బొటనవేలి కట్టు విప్పింది. కింద లేత గులాబీ రంగు చర్మం. పుండు మూసుకుంది. రక్తపరీక్షలో షుగరు దిగింది. అక్కడి డాక్టరు సాయంత్రం వేసుకునే షుగరు మాత్ర ఆపేయమన్నాడు.

తిరుగు రైలు కోసం వికారాబాదు ప్లాట్‌ఫారం మీద కూర్చుని, సుజాత డబ్బాలోని మెత్తటి పప్పు మూడు చెంచాలు, ఇరవై నిమిషాలసేపు తిన్నాను. పప్పుకు అంత రుచి ఉంటుందని ఏ పుస్తకంలోనూ చదవలేదు.

మొన్న క్లినిక్కులో చూసినప్పటికి నూట ఆరు. ఇంకా దిగాలి. ఆత్రంగా మింగితే ఛాతీలో బండ పడ్డట్టు ఉంటుంది. విటమిన్ మాత్రలు బతికినంతకాలం వేసుకోవాలి. దావతుల్లో రెండు ముద్దలకే చేయి కడిగితే "కూర బాగలేదా?" అని ఒకటే పరేషాన్ చేస్తారు. అయినా మొన్న అనంతగిరి గుడి మెట్లు రెండుచోట్ల మాత్రమే ఆగి, నా సొంత కాళ్లతో, రెండు కాళ్లతో, ఎక్కి దిగి వచ్చాను.

కాబట్టి ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: నాకు ఆరు టైర్లు, వెనక ఒక నంబరు ప్లేటు మొలిచేదాకా లారీ కాంటా మీద కాలు పెట్టను.

ఇక కృతజ్ఞతలు. నన్ను ఎత్తుకొచ్చిన బసప్పకు. ఆ మాట ఊరంతా చెప్పినందుకు మాత్రం కాదు. తన మిషన్‌ను తిట్టినా నన్ను బయటికి పంపని రెబెకా మేడానికి. కథంతా విని, తూనికలు కొలతల పుస్తకం నా చేతిలో పెట్టి, "ఈసారి మొదటి పేజీ కెల్లి చదువు" అన్న అంజయ్య సార్‌కు. అందరికన్నా ఎక్కువగా సుజాతకు. ప్రతి ఆదివారం మందుల దుకాణం మిషన్ మీద నన్ను నిలబెట్టి, అంకె తనొక్కతే చూసుకుంటుంది. నాకు చెప్పదు. ఎంతని అడిగితే, "బెల్టు తే, తూటు పొడవాలె" అంటుంది.